పిల్లల సైటుకు రాత్రి చుక్క: తక్కువ మోతాదు అట్రోపిన్ వాడే పద్ధతి

రాత్రిపూట పిల్లల కళ్ళలో వేసే తక్కువ మోతాదు అట్రోపిన్ చుక్కలు ఉన్న సైటును తగ్గించవు, కళ్ళజోడు తీయించవు. ఏటేటా పెరిగే పవరును కాస్త నెమ్మదించేలా చేస్తాయి, అంతే. ఈ సంగతి ముందే తెలియని ఇళ్ళలో మూడో నెలకే "ఇన్నాళ్ళు వేశాం, అద్దాలు అట్లే ఉన్నాయే" అని సీసా పక్కన పడేస్తారు. ఈ మందు పనిచేస్తున్నా పైకి ఏమీ కనిపించదు. పిల్లాడికీ తెలియదు, మీకూ తెలియదు. తెలిసేది కొలతల్లోనే. కాబట్టి ఇందులో చుక్క వేయడం సగం పని, కొలిపించి రాసి పెట్టుకోవడం మిగతా సగం.

దూరం మసకగా కనిపించే ఈ సైటునే డాక్టర్లు హ్రస్వదృష్టి, మయోపియా అంటారు. అంటే ఎక్కువ మందిలో కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికంటే పొడుగ్గా పెరగడం. దూరం నుంచి వచ్చే వెలుతురు కంటి వెనక తెర అయిన రెటీనా దాకా పోకుండా దాని ముందే కలుస్తుంది, బోర్డు మీది అక్షరాలు మసకబారతాయి. పొడవైన గుడ్డు మళ్ళీ కురచ కాదు. ఏడెనిమిదేళ్ళకే సైటు వచ్చిన బిడ్డకు పెరగడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉంటాయి కాబట్టి, పన్నెండేళ్ళకు వచ్చిన బిడ్డకంటే ఆ బిడ్డ గురించే ఎక్కువ జాగ్రత్త పడాలి. పవరు మైనస్ 6 దాటితే పెద్దయ్యాక రెటీనా ఊడిపోవడం, రెటీనా నడిమి భాగమైన మాక్యులా దెబ్బతినడం, కంటి నరం దెబ్బతినే గ్లకోమా వంటివి వచ్చే అవకాశం పెరుగుతుంది. చుక్కలు వేసేది ఆ గీత దాకా పోనివ్వకుండా చూడడానికే.

మొదటి చుక్కకు ముందు జరగాల్సినవి

కళ్ళజోళ్ళ షాపులో యంత్రం ముందు గడ్డం ఆనించి తీసిన పవరు మీద ఈ వైద్యం మొదలు పెట్టకూడదు. పిల్లల కంటిలోని కండరం చాలా బలంగా బిగుసుకోగలదు. యంత్రంలోని బొమ్మను చూసేటప్పుడు అది బిగుసుకుంటే, లేని మైనస్ ఉన్నట్టు, ఉన్నది ఎక్కువైనట్టు చూపిస్తుంది. గంటల తరబడి ఫోను చూసే పిల్లల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే ఆసుపత్రిలో సైక్లోపెంటోలేట్ చుక్కలు వేసి, కండరం సడలేదాకా ముప్పావు గంట కూర్చోబెట్టి అప్పుడు పవరు చూస్తారు. ఆ చుక్కలు వేశాక మరుసటి రోజు దాకా దగ్గరి అక్షరాలు మసకగా ఉంటాయి, ఎండ గుచ్చుకుంటుంది. చిన్న పిల్లలకు కొందరు డాక్టర్లు మూడు రోజులు ఇంట్లోనే 1 శాతం అట్రోపిన్ ఆయింట్‌మెంట్ పెట్టి రమ్మంటారు. దాని మసక వారం నుంచి రెండు వారాల దాకా ఉంటుంది. పరీక్షలు దగ్గర పెట్టుకొని ఈ పనికి పోవద్దు. దసరా సెలవులు ఒకసారి, వేసవి సెలవులు ఒకసారి పెట్టుకుంటే, రెండింటి మధ్య ఆరు నెలలు దానంతటదే కుదురుతుంది.

రెండో కొలత కనుగుడ్డు పొడవు. బయోమీటర్ అనే యంత్రం కంటిని తాకకుండా వెలుతురుతోనే దీన్ని మిల్లీమీటర్లలో కొలుస్తుంది. కొన్ని చోట్ల కంటికి మొన ఆనించి శబ్దతరంగాలతో కొలిచే ఏ-స్కాన్ మాత్రమే ఉంటుంది. దాని కొలతలో మిల్లీమీటరులో ఒకటి రెండు పదో వంతుల తేడా మామూలు. మనం ఏడాదికి వెతికేది కూడా రెండు మూడు పదో వంతుల తేడానే కాబట్టి ఏ-స్కాన్ ఈ పనికి అంతగా పనికిరాదు. తిరుపతిలో అరవింద్ కంటి ఆసుపత్రి, రుయా ఆసుపత్రి కంటి విభాగం ఉన్నాయి. చిత్తూరు వాళ్ళు చాలామందికి వేలూరు సీఎంసీ వారి షెల్ కంటి ఆసుపత్రే దగ్గర. ఎక్కడికి పోయినా ముందు అడగాల్సింది ఒకటే: "పిల్లల కనుగుడ్డు పొడవు ఆప్టికల్ బయోమీటర్‌తో కొలుస్తారా?" కొలిచిన చోటే, ఆ యంత్రం మీదే ప్రతిసారీ కొలిపించండి. ఒకసారి తిరుపతిలో, ఇంకోసారి చెన్నైలో కొలిపించి పక్కపక్కన పెడితే ఆ తేడా కంటిదో యంత్రానిదో ఎవరూ చెప్పలేరు.

కళ్ళు ఎప్పుడూ నలుపుకొనే పిల్లల విషయం వేరు. ఎండాకాలం వస్తే చాలు కళ్ళు ఎర్రబడి, దురద పెట్టి, తీగలు తీగలుగా పుసి కట్టే అలర్జీ మన వైపు పిల్లల్లో కొత్త కాదు. ఏళ్ళ తరబడి నలిపితే కంటి ముందు పొర పలచబడి శంకువులా ముందుకు పొడుచుకు రావచ్చు. దాన్నే కెరటోకోనస్ అంటారు. ఇందులోనూ మైనస్ పెరుగుతుంది, కానీ కంటి ముందు పొర వంపు సమంగా లేకపోవడం వల్ల వచ్చే సిలిండర్ పవరు ఇంకా వేగంగా పెరుగుతుంది. దీనికి అట్రోపిన్ పనిచేయదు, వైద్యమే వేరు. సిలిండర్ ఏడాదిలో 1 దాకా పెరిగినా, అద్దాలు పెట్టినా చూపు పూర్తిగా తేటపడకపోయినా కంటి ముందు పొర ఆకారాన్ని చూసే కార్నియా టోపోగ్రఫీ పరీక్ష చేయించమని అడగండి. అలాగే నాలుగేళ్ళలోపు బిడ్డకే పెద్ద మైనస్ ఉంటే అది మామూలు సైటు కాకపోవచ్చు. రెటీనా పరీక్ష ముందు, చుక్కల మాట తర్వాత.

గుండె జబ్బు, డౌన్ సిండ్రోమ్, అట్రోపిన్ పడకపోవడం, వేరే జబ్బుకు రోజూ వాడే మందులు ఉంటే అడగకముందే డాక్టరుకు చెప్పాలి.

ఎంత శాతం?

0.01, 0.025, 0.05 శాతం. వాడుకలో ఉన్నవి ముఖ్యంగా ఈ మూడు. సింగపూర్‌లో ఆటమ్-2 అధ్యయనం తర్వాత, 2012 నుంచి, 0.01 శాతానికి పేరు వచ్చింది. హాంకాంగ్‌లో 4 నుంచి 12 ఏళ్ళ పిల్లలు 438 మంది మీద చేసిన ల్యాంప్ అధ్యయనం 2019లో ఈ లెక్కను కదిలించింది. అందులో పోల్చి చూడడానికి మందు లేని ఉత్త చుక్కలు వేసిన పిల్లలకు ఏడాదిలో మైనస్ సగటున 0.81 పెరిగింది. 0.01 శాతం వేసినవాళ్ళకు 0.59, 0.025కు 0.46, 0.05కు 0.27. కనుగుడ్డు పొడవు చూస్తే ఉత్త చుక్కల్లో 0.41 మిల్లీమీటర్లు, 0.01లో 0.36, 0.05లో 0.20. అంటే 0.01 శాతం పవరును కొంత ఆపినట్టు కనిపించినా గుడ్డు పొడవును పెద్దగా ఆపలేదు. మన దేశంలో చేసిన ఐ-ఆటమ్ అధ్యయనంలోనూ ఇదే పోలిక: 0.01 శాతంతో ఏడాదికి 0.16, అది లేకుండా 0.35 పెరిగింది, పొడవులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. 2023లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో 0.01 శాతం ఉత్త చుక్కల కంటే మెరుగ్గా పనిచేయలేదు.

కాబట్టి 0.01తో మొదలు పెడితే తప్పేమీ లేదు, అక్కడే ఏళ్ళ తరబడి ఆగిపోతే తప్పు. సైటు వేగంగా పెరిగే చిన్న బిడ్డ, అమ్మానాన్న ఇద్దరికీ పెద్ద పవరు ఉన్న బిడ్డ అయితే మొదటి నుంచే 0.025 గానీ 0.05 గానీ వేస్తారా అని డాక్టరును అడగడంలో మొహమాటం అక్కర్లేదు. మోతాదు పెరిగితే కంటిపాప ఎక్కువ తెరుచుకుంటుంది. ల్యాంప్‌లో 0.05 శాతంతో సుమారు 1 మిల్లీమీటరు, 0.01తో అర మిల్లీమీటరు తెరుచుకుంది. ఆ మాత్రానికి చదువుకు అడ్డం వచ్చేది తక్కువ మందికే.

సీసా మీది సున్నాలు

ఈ వైద్యంలో ప్రమాదకరమైన పొరపాటు మందుల షాపు దగ్గర జరుగుతుంది. అట్రోపిన్ 1 శాతం చుక్కలూ ఆయింట్‌మెంటూ ఎప్పటి నుంచో ఉన్నవే, ఏ షాపులోనైనా దొరికేవే. చీటీలో 0.01 ఉంటే షాపులో "అట్రోపినే కదా" అని 1 శాతం సీసా చేతికి ఇచ్చే అవకాశం ఉంది. అది వందరెట్లు. ఫోనులో చెప్పి తెప్పించుకునేటప్పుడు "పాయింట్ జీరో వన్" కాస్తా "పాయింట్ వన్" అయితే పదిరెట్లు. వేలూరు, చెన్నై డాక్టర్ల చీటీతో ఇక్కడ మందు కొనేవాళ్ళు పాత సీసాను గానీ, దాని ఫొటోను గానీ వెంట తీసుకుపోవడం మంచిది. సీసా చేతికి రాగానే శాతం, గడువు తేదీ రెండూ మీ కళ్ళతో చదవండి.

1 శాతం చుక్క పడిందో లేదో ఇట్లా తెలుస్తుంది: మరుసటి పొద్దున కంటిపాప పెద్ద నల్లటి బిళ్ళలా ఉండి, లైటు వేసినా ముడుచుకోదు. బిడ్డ పుస్తకం దూరంగా పెట్టుకొని చదువుతుంది, ఎండలోకి రానంటుంది. ఒకసారి పడితే ఈ ఇబ్బంది వారం, రెండు వారాల్లో పోతుంది. ఆ సీసా ఆపేసి డాక్టరుకు చెప్పండి.

1 శాతం మందు తెచ్చి ఇంట్లో సెలైన్ కలిపి పలచన చేసుకోవచ్చు కదా అని కొందరు అనుకుంటారు. వద్దు. కొలత కుదరదు, క్రిములు చేరతాయి. పైగా అట్రోపిన్ కొంచెం ఆమ్లగుణం ఉన్న ద్రవంలోనే నిలకడగా ఉంటుంది, ఆ గుణం మారితే మందు విరిగిపోతుంది. ఇక పసరు వైద్యం సంగతి. రోడ్డు పక్కన తెల్లగా పూసే ఉమ్మెత్తలోనూ అట్రోపిన్ జాతి మందే ఉంటుంది, దాని రసం కంటికి తగిలితే పాప పెద్దదవుతుంది. అందులో ఎంత ఉందో కొలిచే దారి లేదు, కాబట్టి ఆ చేతులతో కంటిని తాకనే వద్దు. తేనె, ఉల్లి రసం, ఆముదం అవ్వ ఎంత ప్రేమతో చెప్పినా కంట్లో వేయకండి.

చుక్క వేసే తీరు

పడుకునే ముందు, రెండు కళ్ళలో చెరో చుక్క, రోజుకు ఒకసారే. రాత్రే ఎందుకంటే పాప ఎక్కువగా తెరుచుకునే గంటలు నిద్రలో గడిచిపోతాయి. పళ్ళు తోముకున్నాక వేయడం అలవాటు చేస్తే మరపు ఉండదు.

చేతులు సబ్బుతో కడుక్కోండి. బిడ్డను దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. కింది రెప్పను వేలితో కొంచెం కిందికి లాగితే చిన్న తొట్టిలాగా ఏర్పడుతుంది, చుక్క పడాల్సింది అందులోనే, నల్లగుడ్డు మీద కాదు. గుడ్డు మీద పడితే మండుతుంది, మరుసటి రాత్రి బిడ్డ దగ్గరికి రాదు. సీసా మొన రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు, రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. తర్వాత కన్ను మెల్లగా మూయించి, ముక్కు పక్క కంటి మూల దగ్గర వేలితో ఒకటి రెండు నిమిషాలు ఒత్తి పట్టుకోండి. కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం అక్కడే ఉంటుంది. అది మూసుకుంటే మందు కంట్లోనే నిలుస్తుంది, ముక్కు ద్వారా ఒంటికి ఎక్కేది తగ్గుతుంది. గట్టిగా కళ్ళు చికిలించడం, టపటపా ఆర్పడం చేస్తే చుక్కంతా బయటికే వస్తుంది. చెంప మీదికి జారింది దూదితో తుడిచేయండి. చివర్న మీ చేతులు మళ్ళీ కడుక్కోండి, లేకపోతే అలవాటుగా మీ కన్ను నలుపుకుంటే మీ పాపే తెరుచుకుంటుంది.

గింజుకునే బిడ్డతో కుస్తీ పట్టకండి. కళ్ళు మూసుకొని పడుకోమనండి. ముక్కు పక్క మూలలో చుక్క వేసి, "ఇప్పుడు కళ్ళు తెరువు" అంటే అది లోపలికి జారుతుంది. తల పక్కకు తిప్పకుండా ఉంటే చాలు. గాఢంగా నిద్రపోయాక వేసేవాళ్ళూ ఉన్నారు. కింది రెప్ప లాగగలిగితే అదీ సరే.

కంటి తొట్టిలో పట్టేది సుమారు 30 మైక్రోలీటర్లు. మామూలు సీసా చుక్క 40–50 ఉంటుంది. కాబట్టి ఒక చుక్క సరిగ్గా పడితే రెండోది వృథా. మొదటిది పూర్తిగా చెంప మీదే పడిందని తెలిస్తేనే ఇంకోటి వేయండి. ఒక రాత్రి మరిచిపోతే పోనివ్వండి, మరుసటి రాత్రి రెండు వేసి సరిచేయాలని చూడొద్దు.

5 మిల్లీలీటర్ల సీసాలో వంద చుక్కలకు పైనే ఉంటాయి. నెలకు కావాల్సింది అరవై. కాబట్టి నెలాఖరుకు సీసాలో మందు మిగలడం మామూలే. మూత తీసిన రోజు తేదీ సీసా మీద రాసి, లేబుల్ వేరేగా చెప్పకపోతే నాలుగు వారాలకు పారేయండి. పదిహేను రోజులకే సీసా ఖాళీ అయితే చుక్కలు కంట్లోకంటే చెంప మీదే ఎక్కువ పడుతున్నాయని అర్థం.

అలర్జీ చుక్కలు కూడా వాడుతుంటే రెండింటి మధ్య పది నిమిషాలు ఎడం ఇవ్వండి. కాంటాక్ట్ లెన్స్ పెట్టే పెద్ద పిల్లలు తీసేసిన తర్వాతే వేసుకోవాలి.

లేబుల్ మీద 25 డిగ్రీలలోపు అని ఉంటే తిరుపతి ఏప్రిల్, మే నెలల్లో మామూలు గది పనికిరాదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. ఎండలో నిలిపిన స్కూటర్ డిక్కీలో, కారు డ్యాష్‌బోర్డు మీద మరిచిపోయిన సీసాను మళ్ళీ వాడకండి. తిరుమల కొండకు పోయి రాత్రి ఉండేటట్టయితే సీసాను నీళ్ళ బాటిల్ పక్కన గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకోవచ్చు.

సీసా పిల్లలకు అందని చోట ఉండాలి. 0.01 శాతం సీసా 5 మిల్లీలీటర్లలో ఉన్న అట్రోపిన్ అర మిల్లీగ్రాము. అదే 1 శాతం సీసాలో 50 మిల్లీగ్రాములు, అది చిన్న బిడ్డ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఏది తాగినా వాంతి చేయించాలని చూడకుండా, సీసాతో సహా నేరుగా ఆసుపత్రికి పోండి.

ఏ ఇబ్బందికి ఏం చేయాలి

ఎండ గుచ్చుకుంటుందని బిడ్డ అంటే అంచున్న టోపీ, వెలుతురుకు రంగు మారే ఫోటోక్రోమిక్ అద్దాలు సరిపోతాయి. దగ్గరి అక్షరాలు మసకగా ఉన్నాయంటే ముందు సీసా మీది శాతం చూడండి. శాతం సరిగ్గానే ఉండి రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టరు మోతాదు తగ్గించవచ్చు, లేదా దగ్గరి చూపుకు వేరే పవరున్న అద్దాలు రాయవచ్చు. రెప్పలు ఎర్రబడి, పొక్కి, దురద పెడితే అలర్జీ. అది అట్రోపిన్‌దే కానక్కర్లేదు, సీసాలో మందు చెడకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్‌ది కూడా కావచ్చు. అది లేని మందు దొరుకుతుందేమో అడగండి. ముఖం ఎర్రగా కందిపోవడం, నోరు ఎండిపోవడం, గుండె దడ, కారణం లేని జ్వరం, తిక్కతిక్కగా మాట్లాడడం తక్కువ మోతాదులో చాలా అరుదు. వస్తే చుక్కలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి పోవాలి.

అద్దాల విషయంలో ఒక మాట. "అద్దాలు పెడితే సైటు పెరుగుతుంది", "పవరు కొంచెం తగ్గించి రాయండి" అని డాక్టరును బతిమాలేవాళ్ళు ఇంకా ఉన్నారు. పవరు తగ్గించి ఇచ్చినంత మాత్రాన పెరుగుదల ఆగదు. ఉన్న పవరు పూర్తిగా రాయించి, లేచింది మొదలు పడుకునేదాకా పెట్టించండి.

రోజుకు రెండు గంటలు ఆరుబయట గడపడం సైటు ఇంకా రాని తమ్ముడికీ చెల్లికీ ఎక్కువ మేలు చేస్తుంది. సైటు వచ్చిన బిడ్డకు దాని ఫలితం తక్కువ, అయినా మానాల్సిన పని లేదు. ఎర్రటి ఎండలో నిలబెట్టాల్సిన పనీ లేదు. పగటిపూట వేపచెట్టు నీడలో కూడా వెలుతురు కొన్ని వేల లక్సులు ఉంటుంది, ట్యూబ్‌లైటు కింద కొన్ని వందలే. వేసవిలో పొద్దున ఎనిమిదిన్నరలోపు, సాయంత్రం ఐదు తర్వాత ఎస్వీ యూనివర్సిటీ మైదానమో, చిత్తూరు మెసానికల్ గ్రౌండో, మీ వీధి చివరి ఖాళీ స్థలమో ఏదైనా సరే.

హాస్టల్లో ఉండే పిల్లలతో అసలు చిక్కు. పన్నెండేళ్ళ పిల్లాడు తనంతట తాను ఏడాది పొడవునా రాత్రి చుక్క వేసుకుంటాడని నమ్మడం కష్టం. వార్డెన్ గానీ, గదిలో ఉండే పెద్ద పిల్లవాడు గానీ బాధ్యత తీసుకోకపోతే చుక్కలకు బదులు, పొద్దున పెట్టుకుంటే రాత్రి దాకా పనిచేసే మయోపియా కంట్రోల్ కళ్ళద్దాల గురించి డాక్టరుతో మాట్లాడండి. అంచుల్లో సన్నటి చిన్న చిన్న లెన్సులు ఉండే ఈ అద్దాలు కూడా పెరుగుదలను నెమ్మదిస్తాయని తేలింది. చుక్కలు మాత్రమే సరిపోని పిల్లలకు రెండూ కలిపి ఇవ్వడమూ ఉంది.

కొలతలు చదవడం

నోటుబుక్కులో ఒక్కో కంటికి వేరువేరుగా రాయండి: తేదీ, ఎక్కడ, మందు వేసి చూసిన పవరు, కనుగుడ్డు పొడవు, ఆ రోజుల్లో వాడుతున్న శాతం, నెలలో తప్పిన రాత్రులు. చివరిది చాలామంది రాయరు. డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది అదే. వారానికి మూడు రాత్రులు తప్పుతున్న బిడ్డకు మోతాదు పెంచి లాభం లేదు.

మొదలు పెట్టిన నెల నుంచి మూడు నెలల్లోపు ఒకసారి పోయేది ఇబ్బందులు చూసుకోవడానికే. ఫలితం తేల్చడానికి ఆరు నెలలు తొందర, ఏడాది సరి. పవరు 0.25 అటూ ఇటూ మారితే అది కొలతలోని ఊగిసలాట కావచ్చు. ఏడాదిలో 0.50 గానీ అంతకంటే ఎక్కువ గానీ పెరిగితే మందు చాలడం లేదని అర్థం. పొడవులో చూస్తే, సైటు లేని బడి పిల్లలకు కూడా గుడ్డు ఏడాదికి 0.1 మిల్లీమీటరు దాకా పెరుగుతుంది. అది ఎదుగుదల. 0.2, 0.3 అంటూ పోతే అది సైటు. ఉదాహరణకు ఎనిమిదేళ్ళ బిడ్డకు మేలో మైనస్ 1.50, పొడవు 23.90 ఉండి, 0.01 శాతం వాడుతూ మరుసటి మేకి 2.25, 24.24 అయితే మోతాదు పెంచే మాట ఎత్తాల్సిందే. అదే 1.75, 24.03 అయితే అదే మందు కొనసాగించవచ్చు.

ఆపేటప్పుడు

కనీసం రెండేళ్ళు, చాలామందికి టీనేజీ మధ్య దాకా. పెరుగుదల ఏడాదిపాటు దాదాపు నిలిచిపోయాకే ఆపే ఆలోచన. ఉన్నట్టుండి ఆపితే ఆగిన పెరుగుదల ఎగదన్నుకొని వస్తుంది. బిడ్డ ఎంత చిన్నదైతే, మోతాదు ఎంత ఎక్కువైతే ఇది అంత ఎక్కువ. ఆటమ్-2లో మందు ఆపిన తర్వాతి ఏడాదిలో 0.5 శాతం వాడిన పిల్లలకు 0.87, 0.1 వాడినవాళ్ళకు 0.68 పెరిగింది, 0.01 వాడినవాళ్ళకు 0.28 మాత్రమే. అందుకే చాలామంది డాక్టర్లు 0.05 నుంచి 0.025కు, అక్కడ నుంచి 0.01కు దింపడమో, రోజూ వేసేది రాత్రి విడిచి రాత్రికి మార్చడమో చేసి, ఆ తర్వాతే ఆపుతారు.

ఊరు మారినప్పుడు, సీసా దొరకనప్పుడు, సెలవులకు అమ్మమ్మ ఇంటికి పోయినప్పుడు నెలల తరబడి ఆగిపోవడం కూడా ఉన్నట్టుండి ఆపడమే. మూత తీయని సీసా ఒకటి ఎప్పుడూ ఎక్కువగా ఉంచుకోండి. పూర్తిగా ఆపిన తర్వాత కూడా ఆరు నెలలకోసారి అదే యంత్రం మీద ఏడాదిపాటు కొలిపించాలి. పొడవు మళ్ళీ పరిగెత్తడం మొదలైతే ఆగిన మోతాదు దగ్గర నుంచే తిరిగి మొదలు పెడతారు.